పిచ్చుక రేడియో బాగయిందా?

మా అన్నయ్య లిఫ్టుల మెకానిక్. పగలంతా పెద్ద పెద్ద భవనాల అడుగున ఇరుకు గుంతల్లోకి దిగి, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లకు తలుపు సందులోంచి "కంగారు పడకండి, రెండే నిమిషాలు" అని ధైర్యం చెప్పడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చి చేతులు తోముకుని పాత వాల్వు రేడియోల ముందు కూర్చోవడం అతని జబ్బు. అవును, జబ్బే. రెండు గదుల ఇంట్లో పంతొమ్మిది రేడియోలుంటే ఇంకేమంటారు? బీరువాలో ఆరు, మంచం కింద ఐదు. మా వదిన పెళ్లయిన నాటి నుంచీ తన బట్టలు సూట్‌కేసులోనే పెట్టుకుని కాపురం చేస్తోంది.

ఆ రేడియోల కోసమే పదహారేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టాడు. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు. మావాడు 'గరగర'. ఒకాయన 'టార్చిలైటు', ఇంకొకాయన 'తుప్పు'. ఎవరి రేడియో మూలిగినా ఫోటో పెట్టి అడుగుతారు, మిగతావాళ్లు తలా ఒక మాట చెబుతారు. నియమాలు రెండే. ఒకటి, రేడియో వెనక మూత తీసి లోపలి ఫోటో పెట్టనిదే ఎవరూ జవాబు చెప్పకూడదు. రెండు, రేడియో బాగయ్యాక, అడిగినవాళ్లు తిరిగొచ్చి తప్పెక్కడుందో రాసి తీరాలి. అప్పుడు అన్నయ్య ఆ ప్రశ్న మీద 'బాగయింది' అని ముద్ర వేస్తాడు. ఆ ముద్ర వేసేటప్పుడు అతని మొహం చూడాలి, తనే ఆ రేడియోను కన్నట్టు ఉంటుంది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. సోషల్ మీడియాలో రేడియోల గ్రూపొకటి పుట్టి, చూస్తుండగానే నలభై వేలమందయ్యారు. అక్కడ పొద్దున అడిగిన ప్రశ్న సాయంత్రానికి ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. రేపు ఇంకొకరు అదే ప్రశ్న అడుగుతారు, ఎల్లుండి మరొకరు. బాగయిందో లేదో ఒక్కడూ చెప్పడు. కానీ జవాబు మాత్రం రెండు నిమిషాల్లో వస్తుంది. జనానికి అంతకంటే ఏం కావాలి? టార్చిలైటు వెళ్లిపోయాడు. తుప్పు వెళ్తూ వెళ్తూ "అక్కడ సందడిగా ఉంది గరగరా, నువ్వూ వచ్చెయ్" అని రాశాడు. మావాడు కదిలితేగా! తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రోజూ పొద్దున టీ తాగుతూ ఖాళీ ఫోరం తెరిచేవాడు, చూసేవాడు, మూసేవాడు.

ఈ ఏడాది సర్వరు కంపెనీవాళ్లు, పాత యంత్రాలు తీసేస్తున్నాం, నెలాఖరుకు మీ ఫోరం ఉండదు అని ఉత్తరం పంపారు. నేను ఆ వారం వాళ్లింట్లోనే ఉన్నాను. అన్నయ్య అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు.

"అంతా ఒక డిస్కులోకి దించుకో, పీడా పోతుంది" అన్నాను.

"అది ఎప్పుడో దించేశాను."

"మరింకేంటి ఏడుపు?"

"డిస్కులోకి ఎవరూ తిరిగి రాలేరు కదే."

"ఎవరు రావాలి నీకు?"

వదిన అందుకుంది. "పిచ్చుక. రోజూ పొద్దున టీ ఇస్తూ అడుగుతాను, పిచ్చుక వచ్చిందా అని. మొదట్లో నాకూ అనుమానమొచ్చింది, ఎవతె ఈ పిచ్చుక అని. మీ అన్నయ్యకు అంత సీను లేదని తర్వాత తెలిసింది."

నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. అప్పుడు బయటపెట్టాడు.

ఏడేళ్ల కిందట, జనం ఫోరం వదిలి పోతున్న రోజుల్లో, 'పిచ్చుక' అనే పేరుతో ఎవరో కొత్తగా వచ్చారు. రేడియో పెడితే గుయ్యిమని హోరు వస్తోంది, ఏం చెయ్యాలి అని ముందువైపు ఫోటో ఒకటి పెట్టి అడిగారు. అక్కడ రెండు నిమిషాల్లో చెబుతున్నారు కదా, మనమూ చెప్పకపోతే ఈ ఒక్కరూ పోతారు అనుకున్నాడు మా అన్నయ్య. వెనకవైపు చూడకుండానే, తను పెట్టిన నియమం తనే తప్పి, "లోపలి ఇనుప చట్రం నుంచి ఒక తీగ తీసి నీళ్ల పైపుకు కట్టండి, హోరు తగ్గుతుంది" అని రాసేశాడు. ఆ రేడియో అతనికి తెలిసినదే, ముందు నుంచి చూస్తే.

మర్నాడు పొద్దున పిచ్చుక వెనకవైపు ఫోటో కూడా పెట్టింది, "నియమం కదా, ఇదిగోండి" అంటూ. అన్నయ్య మధ్యాహ్నం లిఫ్టు గుంతలో నిలబడి ఫోన్లో అది చూశాడు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అలాంటివాటిలో కరెంటు నేరుగా చట్రంలోకే వస్తుంది. దాన్ని పైపుకు కడితే ఇంట్లో ఏ కుళాయి ముట్టుకున్నా ప్రాణం మీదికే. "కట్టకండి! కట్టకండి!" అని రాశాడు. జవాబు లేదు. మెయిల్ పెడితే, అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చింది. మీరు క్షేమమేనా అని అక్కడే మళ్లీ మళ్లీ అడిగాడు. అంతే, ఏడేళ్లు.

"సరిదిద్దావు కదా" అన్నాను.

"అది చూసేలోపే ప్లగ్గు పెట్టేసి ఉంటే?" అన్నాడు. "ఒకరిని చంపానో లేదో తెలియకుండా బతుకుతున్నానే నేను. ఆ మనిషి నాకు చెప్పగలిగేది అక్కడొక్కచోటే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడేళ్లు కడుపులో పెట్టుకుని, ఒక్కమాట చెప్పడా? "నీ పౌరుషం తగలెయ్య, ఆ గ్రూపులో అడగొచ్చు కదా!" అని తిట్టి, నేనే అందులో చేరి ఆ రెండు ఫోటోలూ పెట్టాను. పిచ్చుక పేరుతో వచ్చిన ఈ రేడియో ఎవరిది, మీరు క్షేమమేనా, అంతే తెలియాలి అని రాశాను. మూడువందల లైకులొచ్చాయి. "అమ్ముతారా?" అని పదిమంది. "పిచ్చుకలు అంతరించిపోతున్నాయి మేడమ్" అని ఒక వెటకారం. వాడికి నేనిచ్చిన సమాధానం ఇక్కడ రాయలేను. సాయంత్రానికి నా ప్రశ్న కూడా అడుక్కి పోయింది. మర్నాడు మళ్లీ పెట్టాను. ఆ మర్నాడు కూడా.

నాలుగో రోజు పొద్దున ఎవరో అమ్మాయి రాసింది. "ఇది మా అత్తయ్య రేడియోలా ఉంది. పగిలిన మీట చూసి గుర్తుపట్టాను."

అత్తయ్య బాగున్నారా అని అడిగాను. జవాబు లేదు. మధ్యాహ్నమయింది, లేదు. అన్నయ్య పనిలో ఉన్నాడు, ఏమని చెప్పను? వదినా నేనూ ఫోను మధ్యలో పెట్టుకుని, అన్నం కూడా వండకుండా కూర్చున్నాం.

సాయంత్రం అన్నయ్య వచ్చి, అలవాటుకొద్దీ ఫోరం తెరిచి, "ఇద్దరూ ఇలా రండి!" అని అరిచాడు.

పిచ్చుక రాసింది. "గరగర గారూ, మా మేనకోడలు చెబితే రాస్తున్నాను, నేను నిక్షేపంలా ఉన్నాను. ఆ రోజు తీగ కట్టేశాను. ప్లగ్గు పెట్టే ముందు, సరిగ్గా కట్టానో లేదో మిమ్మల్ని అడుగుదామని ఫోరం తెరిస్తే, కట్టకండి అని కనిపించింది. విప్పేసి, భయమేసి రేడియో అటక మీద పెట్టేశాను. మీరు అడుగుతున్నది చాలాసార్లు చూశాను. కానీ బాగయ్యాకే తిరిగొచ్చి రాయాలని నియమం కదండీ. అది బాగవలేదు. ఏమని రాయను?"

అన్నయ్య కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. వదిన పక్కన కూర్చుని వీపు నిమిరింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఏ నియమం ఆవిడ్ని బతికించిందో దాని తోడబుట్టిందే మావాణ్ణి ఏడేళ్లు చంపింది.

"మీరు ముట్టుకోవద్దు, నేనే వస్తున్నాను" అని రాశాడు.

నెలాఖరు రోజున నన్నూ వెంటేసుకుని బస్సెక్కాడు. పిచ్చుక అంటే డెబ్బై దాటిన ఆవిడ, తపాలా ఆఫీసులో చేసి రిటైరయ్యారట. అటక మీది నుంచి రేడియో దింపించి, తుడిచి, వెనక మూత విప్పి మరీ సిద్ధంగా ఉంచారు. అన్నయ్య ముందు ప్లగ్గు తీసి ఉందో లేదో మూడుసార్లు చూశాడు. ఎండిపోయిన కండెన్సరొకటి తీసి కొత్తది వేశాడు. మూత బిగించి మీట తిప్పాడు. వాల్వులు వేడెక్కాయి. హోరు లేదు. ఎవరో తాపీగా వాతావరణం గురించి చెబుతున్నారు.

నేను చప్పట్లు కొట్టబోయాను. "ఉండండమ్మా" అని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్లో ఫోరం తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు. 'బాగయింది. తప్పు: ఎండిపోయిన కండెన్సరు.'

అన్నయ్య తన ఫోను తీసి దాని కిందే రాశాడు. 'ఇంకో తప్పు: వెనకవైపు చూడకుండా జవాబు చెప్పాను. గరగర.' రాసి, ముద్ర వెయ్యకుండా ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాడు.

"వెయ్యి నాయనా" అన్నారావిడ. వేశాడు.

మర్నాటికి ఫోరం లేదు. పొద్దున వదిన అలవాటుగా టీ గ్లాసు అందిస్తూ, "పిచ్చుక వచ్చిందా?" అనేసి నాలుక కరుచుకుంది.

"వచ్చింది" అని అన్నయ్య గ్లాసు అందుకున్నాడు.