చిన్నమణి ఇంట్లో మెయిన్ స్విచ్

గుడియాత్తం నేతగాళ్ల వరుసలో చిన్నమణి ఇల్లు చేరితేనే దీపాల వేళ అయినట్టు లెక్క.

బలరామయ్య అద్దెకిచ్చిన ఆరు పెంకుటిళ్లవి. కరెంటు కావాలని అడిగితే, మీ పేరనే పెట్టించుకోండి, నాకేం పోయిందని ఒక సంతకం పడేశాడాయన. ఇంటికొక మీటరు పెట్టించే స్తోమత ఎవరికీ లేదు. చిన్నమణి పేర ఒకటి పెట్టించి, అతని గోడ మీంచి పెంకుల కిందుగా తీగ లాగి, తక్కిన ఇళ్లకు తలా ఒక బల్బు తగిలించుకున్నారు. తొలిరోజు స్విచ్చికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, అతని చేతనే వేయించారు. ఆ వెలుతురు చూసిన సంబరంలో చిన్నమణి నోరు జారాడు. నేనుండేదాకా ఈ దీపం ఆరదన్నాడు.

ఆడవాళ్లు ఆ మాట పట్టుకున్నారు. ముట్టించిన చేయి తప్ప వేరే చేయి ఆ స్విచ్చిని తాకకూడదని ఒక నియమం పుట్టింది. కట్టుకున్న పెళ్లాం తంగమ్మ కూడా తాకదు. రోజూ పొద్దు గుంకేసరికి చిన్నమణి ఇంట్లో ఉండాల్సిందే. పరదరామిలో మేనమామ కూతురి పెళ్లికి పోయి, తాళి కట్టకముందే బస్సెక్కి వచ్చేశాడు. వేలూరు ఆసుపత్రిలో తమ్ముడు జ్వరంతో పడి ఉంటే, పగలంతా పక్కన కూర్చుని పొద్దు వాలగానే లేచాడు. తమ్ముడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏంపా చిన్నమణీ, కోడి కూడా నీ మాదిరి టైముకు గూడు చేరదే," అనేవాడు పక్కింటి చౌడప్ప. అందరూ నవ్వేవాళ్లు. నవ్వి, వెలుతురు రాగానే మగ్గం గుంటల్లోకి దిగేవాళ్లు. లాంతరు కింద నేసే రోజుల్లో మసి రాలి తెల్లపోగు నల్లబడేది. ఆ బల్బులు వచ్చాకే వరుస రెండు పూటలా తినడం మొదలైంది. అది చిన్నమణికీ తెలుసు. తెలిసినందుకే కడుపు మండేది.

చిత్తూరు ఆంధ్రలోకి పోయింది, గుడియాత్తం అరవదేశంలో మిగిలింది. ఇంట్లో మాట్లాడే తెలుగును రాయడం ఇంట్లో ఎవరికీ రాదు. కూతురికైనా రావాలని తంగమ్మ పట్టు. ఆమె తమ్ముడు రాఘవులు చిత్తూరులో బడి పక్కనే ఇల్లు చూశాడు, మగ్గానికి చోటుందన్నాడు. చిన్నమణికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దు గుంకినా ఇంటికి చేరనక్కర లేని ఊరొకటి ఉందన్నమాట.

అయితే మీటరు సంగతి తేలాలి. ఇల్లు వదిలితే కరెంటు ఇంకొకరి పేరుకు మార్చాలి, దానికి ఇంటి ఓనరు సంతకం కావాలి, లేదంటే తీగ కోసేయడమేనని లైన్‌మాన్ ఏసుదాస్ చెప్పాడు. చిన్నమణి బలరామయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఆ స్థలాన్ని తోళ్ల షాపు వాళ్లకు అమ్మే బేరంలో ఉన్నాడు. మనుషులు ఖాళీ చేస్తేనే బేరం కుదురుతుంది.

"ఇంకో పేరు ఎందుకప్పా? నువ్వు ఆపేసి పో. చీకట్లో ఎన్నాళ్లు నేస్తారు? వాళ్లే లేసి పోతారు," అన్నాడు బలరామయ్య. చిన్నమణికి తాంబూలం కూడా ఇచ్చి పంపాడు.

ఈ మాట వరుసకు తెలిసింది. తిడతారని చూశాడు. తిట్టి ఉంటే తలుపేసుకుని వెళ్లిపోయేవాడే. ఎవరి మగ్గం దగ్గరికి వాళ్లు పోయారు. చివరింటి ముసలామె కుప్పమ్మ మాత్రం వచ్చి గడపలో కూర్చుంది.

"ముట్టించిన చేత్తో ఆర్పొద్దు నాయనా, ఆ పాపం నీకొద్దు. కోసేయమని లైన్‌మానుతో నేనే చెప్తా. నువ్వు పో, పాపను చదివించుకో," అన్నది.

మర్నాడు పొద్దున్నే మగ్గం విప్పి బండికెత్తారు. తంగమ్మ, కూతురు బండితోనే వెళ్లారు. తీగ కోయించి సాయంకాలం బయల్దేరడానికి చిన్నమణి ఉండిపోయాడు. మధ్యాహ్నం ఏసుదాస్ వచ్చి నిచ్చెన వేశాడు. కుప్పమ్మ ముందుకొచ్చి, అన్న మాట ప్రకారమే, "కోసేయప్పా," అన్నది. చేతిలో సగం నూలు చుట్టిన కండె అలాగే ఉంది. దాన్ని చుట్టడం ఆమె ఆపలేదు.

"ఈ పొద్దు వద్దు. రేపు రా," అన్నాడు చిన్నమణి.

"రేపు మాత్రం ఏముండాదన్నా?" అంటూ ఏసుదాస్ నిచ్చెన దించుకున్నాడు.

పొద్దు గుంకింది. చిన్నమణి లేచి స్విచ్చి వేశాడు. వరుసంతా వెలిగింది, మగ్గాలు మొదలయ్యాయి. అతని ఇల్లు మాత్రం వెలగలేదు. తంగమ్మ బల్బు విప్పి, పాతగుడ్డలో చుట్టి, బియ్యం కుండలో పెట్టుకుని పోయింది. ఖాళీ మగ్గం గుంట అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

కుప్పమ్మ సంగటి ముద్ద తెచ్చింది. గడపలో తడుముకుంటూ, "చీకట్లో కూర్చోనుండావేం నాయనా?" అని అడిగింది.

"బల్బు చిత్తూరుకు పోయిందత్తా," అన్నాడు చిన్నమణి.