భద్రాద్రి తలంబ్రాలతో మారిషస్‌కు

పొద్దున ఆరింటికి ములకలపల్లిలో బస్సెక్కాం, నేనూ మా ఆయనా. పోయేది మారిషస్‌కి. నవమి కల్యాణానికి భద్రాచలం వచ్చి, క్యూలో నా పక్కన నిలబడి స్నేహితురాలైన సరోజినమ్మది ఆ దీవే. ముత్తాతల కాలంలో వెళ్ళిన తెలుగువాళ్ళు. ఇప్పుడామె కూతురి పెళ్ళి. "ఇంకేమీ వద్దు, రాములవారి తలంబ్రాలు తెండి" అంది ఫోన్లో. ఆ పొట్లం నా సంచిలో భద్రం.

"ఏడికి బిడ్డా, గింత సామాను?" అంది పక్కసీటు పెద్దమ్మ. చెప్పాను. "సముద్రం నడుమనా! మరి తాగే నీళ్ళెట్ల?" అని జాలిపడింది.

సాయంత్రానికి హైదరాబాదు, అక్కణ్ణుంచి ముంబై, అక్కడ విమానం మారి తెల్లారాక దీవి. అక్కడి విమానాశ్రయంలో ఫ్రాన్సువాళ్ళు, జర్మనీవాళ్ళు, దక్షిణాఫ్రికావాళ్ళు, వరసలు వరసలుగా జనం. ఏ దేశం నుంచి ఎందరు దిగారో లెక్క రాస్తారని మా ఆయనతో అన్నాను. "మరి ములకలపల్లి మండలం కెల్లి ఇద్దరని రాసుకోమను" అన్నారాయన.

కస్టమ్స్ దగ్గర మా నవ్వులు ఆగిపోయాయి. పొట్లం విప్పించిన అధికారి చొక్కా మీద పేరు అప్పన్న. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. బియ్యం, గింజలు దీవిలోకి రానివ్వరట, పురుగూ తెగులూ వస్తాయని.

"రాములవారి తలంబ్రాలకు పురుగేంది సార్?" అని మా ఆయన తెలుగులోనే తగువుకు దిగారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె అడిగిందే అదొక్కటి, ఇక ఏ మొహం పెట్టుకుని పోను? ఇంతలో అప్పన్న బియ్యం కలియబెట్టి ఆగాడు. ముత్యం! మా తలంబ్రాల్లో ముత్యాలు కలుపుతారన్న సంగతే హడావుడిలో మరిచాను. దాన్ని తీసి, కళ్ళకద్దుకుని, నా చేతిలో పెట్టాడు. బియ్యం మాత్రం ఇవ్వలేదు.

పెళ్ళిలో అక్కడి బియ్యానికే పసుపు కలిపి, సరోజినమ్మ ముత్యాన్ని అందులో వేసింది. పెళ్ళికూతురు ఉత్సాహం కొద్దీ దోసిలంతా ఒక్కసారే గుమ్మరించింది. ముత్యం మాయం! సూట్లేసుకున్న పెద్దమనుషులంతా తివాచీ మీద పాకుతూ వెతికారు. చివరికి పెళ్ళికొడుకు కాలర్లో దొరికింది. సరోజినమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. తర్వాత అరిటాకులో ఏడు కూరలతో పూరీలు తిన్నాం. వెళ్ళేవాళ్ళకు ఒక్కమాట: బియ్యం మోయకండి, ముత్యం చాలు.

తిరిగి హైదరాబాదులో దిగాక, పాస్‌పోర్టులు చూసే కౌంటర్లో కూర్చున్నాయన ఎందుకెళ్ళారని అడిగాడు.

"పెండ్లికి" అన్నారు మా ఆయన.

"చుట్టాలా?"

"అవ్ సార్. మా పిల్లదే పెండ్లి."

నేనూ తలూపాను.