అత్తమ్మకు పరీక్ష, నాకు మరుపు

మాది మంచిర్యాల. కూరలో రెండుసార్లు ఉప్పేస్తోందని మా అత్తమ్మను నిరుడు కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాను. అల్జీమర్స్ కోసం చేసిన రక్తపరీక్షలో అంకె ఎక్కువొచ్చింది.

"వేరే జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు డాక్టరు.

"ఏం లేవు సార్," అన్నాను ధీమాగా.

"లేకేంది బిడ్డా? కిడ్నీలు సక్కగ పనిజేస్తలేవని మనూరి డాక్టరు చెప్పలేదా? నా ఎంబడి నువ్వే గద వచ్చినవ్, మర్సినవా?" అంది అత్తమ్మ.



డాక్టరు నవ్వాడు. "కిడ్నీలు బాగాలేకున్నా ఈ అంకె పెరుగుతుంది. దీన్నొక్కదాన్నే చూసి అల్జీమర్స్ అనలేం. ఇంకొన్ని పరీక్షలు చేద్దాం."

లేస్తూ అత్తమ్మ అంది: "గట్లనే గీ పిల్ల నెత్తురు గూడ జర చూడుండ్రి సారు!"

తర్వాతి పరీక్షల్లో భయమేమీ లేదని తేలింది. ఇప్పుడు కూరలో ఉప్పెక్కువైతే ఎవరు వేశారని ఒకరినొకరం అడగం. పెరుగు కలుపుకుని తినేస్తాం.