పోలమ్మ వంతు

'నెమ్మది ఊళ్లు' అని ఈమధ్య దేశంలో ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టుకొస్తున్నాయి. హడావిడి మానేసి, ఆ ఊరివాళ్లు బతికే తీరులోనే మనమూ రెండు రోజులు బతికి రావాలట. మన పులికాట్ సరస్సు ఒడ్డునా ఒకటి వెలిసిందని విన్నాక నాకు మా కోవూరులో కాలు నిలవలేదు.

పొద్దున ఏడింటికి నెల్లూరులో కోట బస్సెక్కాను. వెంకటాచలం దాటాక పక్కసీటావిడ ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"నెమ్మదిగా ఉండేదానికి అందరూ కార్లలో ఉరుకుతా ఉండారు గదక్కా," అని నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. నేను బస్సులోనే కదా పోతున్నాను!

కోటలో ఎర్రకారం దోసె తిని షేర్ ఆటో ఎక్కితే మధ్యాహ్నానికి ఊరు చేరాను. మొదట్లోనే 'ఇది నెమ్మది ఊరు' అని బోర్డు, దాని కిందే కార్ల వరస. పక్కసీటావిడ మాట అబద్ధమేమీ కాదు.

బస పోలమ్మ ఇంట్లో, ముందుగది. ఆమె భర్త పోయి ఏడాదైంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఊరి కట్టుబాటు చెప్పింది. సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నేనట. అందుకని ఇంటికొక రోజు వంతు. మగదిక్కు లేని ఇంటికీ వంతు పోదు. ఆ రోజు ఎవరో ఒకరు వాళ్ల తరఫున తెల్లవారకముందే వల వేసి, పడిందంతా తెచ్చిస్తారు. ఈ పద్ధతి నచ్చే నెమ్మది ఊళ్లు నడిపేవాళ్లు ఈ ఊరిని ఎంచుకున్నారు. మర్నాడే పోలమ్మ వంతు. తప్పితే మళ్లీ నెల దాటాలి. బుట్ట కడిగి ఆరబెట్టుకుంది. నాకు రొయ్యల ఇగురు పెడతానంది.

తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లాను. పెంచలయ్య అనే పడవాయన పక్షులు చూపిస్తానన్నాడు. ఎక్కాను. చెప్పొద్దూ, ఆ నీళ్ల మీద ఫ్లెమింగోలు లేస్తుంటే లోకమే మరిచిపోయాను.

తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. ఒడ్డున పోలమ్మ ఖాళీ బుట్టతో నిలబడి ఉంది.

"నా వల ఎవురేసినారన్నా?" అని పెంచలయ్యను అడిగింది.

తెల్లవారుజామున పడవలన్నీ నాలాంటివాళ్లను ఎక్కించుకుని కదిలాయి. ఇంకెవరో వేస్తారులే అని ప్రతివాళ్లూ అనుకున్నారు. ఎవరూ వేయలేదు. పెంచలయ్య నేనిచ్చిన డబ్బు తీసి ఆమె బుట్టలో పెట్టబోయాడు. పోలమ్మ బుట్ట వెనక్కి లాక్కుంది.

"దుడ్లెందుకన్నా? మా ఆయన పొయ్యినా నాది కూడా ఈ ఊళ్లో ఒక ఇల్లేనని గదా ఆ వంతు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. ఇంటికెళ్లి పప్పు చేసి వడ్డించింది. రొయ్యలు పెట్టలేకపోయానని తిరిగి ఆమే నొచ్చుకుంది.

ఇంకో రోజు ఉండే మనసు లేక అప్పుడే బయల్దేరాను. బోర్డు దగ్గర ఆటో కోసం నిలబడితే ఒక కారు ఆగింది. తెల్లవారుజామున పడవలు దొరుకుతాయా అని అడిగారు. దొరుకుతాయి అన్నానో లేదో, అద్దం ఎక్కించుకుని ఊళ్లోకి వెళ్లిపోయారు.

మిగతా మాట నెల్లూరు బస్సులో కూర్చున్నాక కూడా నా నోట్లోనే ఉండిపోయింది. మీరు వెళ్తే మీకైనా చెబుతాను. పడవ ఎక్కేముందు ఆ రోజు ఎవరి వంతో అడగండి.