బుర్రుమందా, గరగరమందా

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల సారు క్లాసంతటికీ చాక్లెట్లు పంచాడట. అలాంటి నేను నిన్న దుబాయ్ పక్కన రోలా బజారులో జ్యూస్ కొట్టు ఫ్రిజ్ గరగరమంటుంటే 'క్నిర్షెన్' అని జర్మన్‌లో దాని జబ్బు చెప్పాను. కొట్టాయన ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు, నా నిమ్మరసంలో అడక్కుండానే ఉప్పు కలిపాడు.

ఆ మాట నాకు కరోనా వచ్చిన ఏడాది అంటుకుంది. మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఏసీ కంప్రెసర్ చూసుకునే హెల్పర్‌ని. జ్వరాలొచ్చాయని మా బ్లాకుకు తాళం వేసి, నన్నొక్కణ్ణే మిషన్ దగ్గరికి వదిలేవారు. కిటికీలు తెరుచుకోని గదుల్లో జనం, బయట ఎడారి జూలై ఎండ. సరిగ్గా అప్పుడే కంప్రెసర్ కొత్త రాగం ఎత్తుకుంది. ఆపి నూనె చూద్దామంటే, జర్మనీ ఇంజినీరు చెప్పందే ముట్టొద్దని ముదీర్, అంటే మా మేనేజరు, ఆర్డరు. ఆ ఇంజినీరేమో దుబాయ్‌లో హోటల్ గదిలో తనూ బందీ. ఫోన్ చేసి మిషన్ పక్కన పెట్టాను. ఆ మాయదారి ఫోను మనిషి గొంతు పంపుతుంది గానీ మోతనంతా మింగేస్తుంది. చివరికి నోటితోనే చేసి వినిపించమన్నాడు. బుర్రుమన్నాను, గరగరమన్నాను, పళ్లు నూరాను. మాట్లాడే దిక్కులేక ఎన్నాళ్లయిందో ఏమో, పాఠం ఎత్తుకున్నాడు. బుర్రుమంటే వాళ్లకు 'బ్రుమ్మెన్', పక్కనున్న డచ్చివాళ్లకు 'బ్రొమ్మెన్'; ఎలుగుబంట్లనీ తుమ్మెదలనీ వినీ వినీ జనం నోళ్లే ఆ మాటను చేశాయట. తలుపు తట్టడం 'క్లొప్ఫెన్', ఇంగ్లీషువాళ్ల 'క్లాప్' దానికి చుట్టమట. పళ్లు నూరితే 'క్నిర్షెన్'. ఒక్కో మాటా తరతరాలుగా నోళ్లలో నలిగి నలిగి తయారైందట. నాకు ఒళ్లు మండింది. మా గరగర, బరబర ఎవరి నోట పుట్టాయో నేనాయనకు చెప్పానా?

"సార్, ఆపాలా వద్దా?" అన్నాను.

"బ్రుమ్మెన్ అయితే నడవనీ, క్నిర్షెన్ అయితే వెంటనే ఆపు. ఏదీ, మళ్లీ ఒకసారి చెయ్యి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వెనకాల మిషనే కటకటమని ఒక్క అరుపు అరిచి ఊరుకుంది.

బేరింగులు పట్టేశాయి. కొత్తవి వచ్చేదాకా బ్లాకంతా చెమటలో నానింది. మా గదిలో పెద్దవాడు, జగిత్యాల కాకా, అసలే జ్వరం మీదున్నాడు, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని గోడకు చేరగిలబడ్డాడు. కాస్త నవ్విద్దామని జర్మన్ మాటల పుట్టుకంతా అభినయించి మరీ చెప్పాను. కాకా ఓపిగ్గా అంతా విని, తువ్వాలు పిండుకున్నాడు.

"మాట పుట్టనీకి తరాలు పడ్తదన్నడు, మంచిగనే ఉంది. మిషన్ సచ్చేటందుకు ఎంతసేపు పడ్తదో గదిగూడ అడగకపోతివా రా?"