డబ్బా మీద మామ్మగారు

మా కారప్పొడి డబ్బా విజయవాడ నుంచి ఉయ్యూరు దాకా ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది. దాని మీద నెత్తిన కొంగు కప్పుకుని, కళ్లజోడు పెట్టుకుని చల్లగా నవ్వుతూ ఉంటుందే ఒక పెద్దావిడ, ఆవిడ మా తాతయ్య.

నిజమండీ బాబూ! మంగళగిరిలో మగ్గం మీద పని తగ్గిన రోజుల్లో అమ్మమ్మ కారప్పొడి కొట్టి అమ్మడం మొదలెట్టింది. లేబులు మీదికి ఆవిడ ఫొటో కావాలన్నాడు ప్రెస్సాయన. ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని అమ్మమ్మ గదిలోకెళ్లి తలుపేసుకుంది. బతిమాలి బతిమాలి విసిగిపోయిన తాతయ్య, మీసం తీయించుకుని, ఆవిడ నేత చీరే చుట్టుకుని స్టూడియోకి వెళ్లిపోయారు. పంచెలో ఆయన ఏనాడూ అంత లక్షణంగా లేరని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇన్నేళ్లూ అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. మొన్న ఇబ్రహీంపట్నంలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల్లో పక్కన కూర్చున్నావిడ మా కారప్పొడి నెయ్యేసి కలుపుకుంటూ, "డబ్బా మీద మామ్మగారి చెయ్యే చెయ్యండీ. మనకి అలా ఎందుకు కుదరదో!" అంది అమ్మమ్మతో. అమ్మమ్మ మరి ముద్ద ముట్టలేదు. ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా, "ఘాటుకి కళ్లు మండించుకునేది నేను, పేరు ఆయనకా? నా మొహం వెయ్యండి," అంది. మాకు నవ్వొచ్చింది గానీ ఎవరమూ నవ్వలేదు.

ఫొటో దిగింది. "మరి ఆయుష్షో?" అన్నాను.

"ఎనభై దాటాక తరగడానికి ఏం మిగిలిందే, నీ మొహం!" అంది.

కొత్త లేబులు చూసి విజయవాడ హోల్‌సేల్ కొట్టాయన ఫోన్ చేశాడు. "పాత మామ్మగారే కావాలండీ. ఈవిడెవరో గానీ, చూస్తే వంటొచ్చినట్టు లేదు." స్పీకరు ఆన్‌లో ఉంది. ఎదురుగా అమ్మమ్మ ఉంది.

మర్నాడు పొయ్యి వెలగలేదు. అమ్మమ్మ వీధరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. "వంటొచ్చిన మొహం ఆయనది కదా, ఆయన్నే చెయ్యమనండి." తాతయ్య పంతానికి పోయి వంటింట్లో దూరారు. మిరపకాయలు మాడిపోయి వీధి వీధంతా దగ్గింది.

"ఏమే, ధనియాలు ఎన్ని వెయ్యాలి?" అని లోపల్నించి కేకేశారు.

"డబ్బా మీదావిణ్ణి అడగండి," అంది అమ్మమ్మ, తల కూడా తిప్పకుండా.

కాసేపటికి తాతయ్య కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డారు. "ఇంత ఘాటు ఇన్నేళ్లు ఎలా భరించావే?" అన్నారు. ఆయన నా ఫోను అడిగి తీసుకుని, కొట్టాయనకి కలిపించుకున్నారు. గొంతు బాగా దిగాలుగా పెట్టి, "పాత మామ్మగారు పోయారండీ. ఇక మీదట ఈవిడే," అన్నారు.