అక్క, ఐదు రోజులు, ఒక ఆంగ్ల క్రియ

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఇంగ్లీషులో ఉన్న ఏ కాగితమైనా చివరకు నా చేతికే వస్తుంది. బ్యాంకు నోటీసు, పంట బీమా ఫారం, పురుగుమందు డబ్బా మీది చీటీ, అన్నీ నేనే చదివి చెప్పాలి. హైదరాబాదులోని సంతాన సాఫల్య కేంద్రంలో అక్క పేర ఫారం నింపినప్పుడు కూడా, ఫోన్ నంబరు గడిలో బావ నా నంబరే రాయించాడు.

"గా ఇంగ్లీషు మెసేజులు నాకొస్తే నేనేం జేసుకోను? మీ చెల్లెకే పంపుమను," అన్నాడు అక్కతో.

పెళ్లైన తొమ్మిదేళ్లకు అక్క ఆ దవాఖాన మెట్లెక్కింది. డాక్టరమ్మ మాకు పద్ధతి వివరించింది. అక్క అండాలను బయటికి తీసి, ప్రయోగశాలలో బావ వీర్యకణాలతో కలుపుతారు. ఐదో రోజు వరకు ఎదిగిన పిండం ఒక్కటైనా మిగిలితే దాన్ని గర్భసంచిలో ఉంచుతారు. ఏదీ మిగలకపోతే సూదులతో సహా అన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలి. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించుకుని అక్క నాతో అంది: "ఇంకోసారి నాతోని కాదే. గిదే మొదలు, గిదే ఆఖరు."

ఆ ఐదు రోజులు ఆమె మెదక్‌లో నా అద్దె గదిలోనే ఉండాలని నిర్ణయించుకున్నాము. పాపన్నపేట పక్కనున్న వాళ్ల ఊరికి వెళితే వాకిట్లో అడుగు పెట్టకముందే ప్రశ్నలు మొదలవుతాయి. బావ మాత్రం నార్లు పోసే రోజులని వెళ్లిపోయాడు.

అండాలు తీసిన మర్నాడు ఉదయం మొదటి సందేశం వచ్చింది. తీసిన అండాలు పదకొండు, ఫర్టిలైజ్డ్ ఏడు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతాను. కంగారులోనూ బాధ్యత మరిచిపోకూడదనుకుని, ఆ వాక్యాన్ని ముందు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని, అక్క ఎదుట నిలబడి చదివాను: "సేకరించబడిన పదకొండు అండములలో ఏడు అండములు ఫలదీకరణము చెందినవి."

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అక్క తలెత్తింది. "రేడియోల వార్తలు చదివినట్టు చదువుతున్నవేందే? మనిషి లెక్క చెప్పరాదు."

"ఏడు అంటుకున్నయక్కా."

"గట్ల చెప్పు," అంది.

ఆ మధ్యాహ్నం నేను నిఘంటువు తెరిచాను. ఫర్టిలైజ్ అనే ఆ క్రియ నాకు కొత్తది కాదు. దాని నుంచి పుట్టిన ఫర్టిలైజర్ అనే నామవాచకాన్ని అక్షరాలు కూడబలుక్కునే వయసులోనే యూరియా బస్తా మీద చదివాను. ఆనాడు ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. దాని విశేషణ రూపానికి ముందు రెండక్షరాలు చేర్చి వ్యతిరేకార్థం చేసిన ఇన్‌ఫర్టైల్ అనే మాట, కొన్నేళ్లుగా అక్క దవాఖాన ఫైలు మీద అచ్చై ఉంది. నిఘంటువులో మొదటి అర్థం నేలకు సారం చేర్చడం, రెండవది అండాన్ని ఫలింపజేయడం. ఫర్టిలైజ్, ఫర్టిలైజ్డ్, ఫర్టిలైజింగ్ అని మూడు రూపాలనూ వరుసగా రాసుకున్నాను. మొదటి అర్థానికి ఇచ్చిన ఉదాహరణలో రైతు ఉన్నాడు, పొలం ఉంది, పని జరుగుతోంది. రెండవ దానిలో పని జరిగినట్టు మాత్రమే ఉంది, చేసినవారు లేరు. నాకు వచ్చిన సందేశంలోనూ అంతే. పిల్లలు అలా కర్తను వదిలేసి రాస్తే ఎర్రసిరాతో గీత గీసేదాన్ని. ఇక్కడ గీయడానికి చెయ్యి రాలేదు. నేను నిద్రపోతున్న వేళ, ఎక్కడో వెచ్చని పెట్టెలో, చిన్న గాజు పళ్లెంలో, కంటికి కనిపించనంతటివి ఏడు మొదలయ్యాయి. వాటిని కలిపిన చేతులు ఉన్నాయి, కాచిన యంత్రం ఉంది. అయినా మొదలుపెట్టింది ఎవరో చెప్పే మాట నా దగ్గర లేదు. చేను పండిందనీ కడుపు పండిందనీ పుట్టినప్పటి నుంచి అంటూనే ఉన్నాను. ఆ మాట ఎంత పెద్దదో మొదటిసారి తెలిసి, పుస్తకం మూశాను.

మూడో రోజు సందేశం వచ్చినప్పుడు నేను తప్పు చేశాను. ఏడింటిలో నాలుగే సరిగా విభజన చెందుతున్నాయని ఉంది. "అన్నీ మంచిగనే ఉన్నయంట," అన్నాను.

అప్పుడే అక్క బావతో ఫోన్లో మాట్లాడి పెట్టింది. ఊళ్లో వాళ్లింట్లో వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మూటకట్టి, బరువు పెట్టారు. మొలక రావడానికి అలా ఉంచడాన్ని మండె కట్టడమంటారు. ఏటా అక్క చేతితోనే కట్టే మూట అది.

"ఏడుకు ఏడా?" అని అడిగింది.

"ఆఁ."

"మండె కట్టిన వడ్లే అన్ని మొలకెత్తవ్. పుట్టెడు వడ్లు మొలకేసిన దాన్ని, నాకు గీ లెక్క జెప్తవా? ఎన్నున్నయో చెప్పు."

"నాలుగు."

"మూడేమైనయి?"

"ఆగిపోయినయి."

"ఎవలన్న తప్పు జేసిండ్రా?"

"లేదక్కా. అట్ల ఆగిపోవుడు మామూలేనంట."

"మరి దాస్తవెందుకు? పోయినయి గూడ నాయే గద."

ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమెకు కావలసింది కాపలా కాదు, పోయినవాటితో సహా తన లెక్క తనకు చెప్పడం. ఆరో తరగతితో చదువు ఆపేసిన మా అక్క, విత్తనం గురించి నాకు ఏ పుస్తకమూ చెప్పనిది తెలిసిన మనిషి. ఆ రోజు ఆమె ముందు నాకు నా పట్టా చాలా చిన్నదిగా తోచింది. సిగ్గుపడలేదు. ఆశ్చర్యపోయాను.

ఐదో రోజు సందేశం నేను బడిలో ఉండగా వచ్చింది. ఒకటి. ఒక్కటే పూర్తిగా ఎదిగింది, మధ్యాహ్నం మూడింటిలోగా రావాలి అని ఉంది. హెడ్మాస్టరుకు చెప్పి, చౌరస్తా దాకా నడిచి, ఆటో ఎక్కాను. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. ఈసారి తెలుగులో రాసుకోలేదు.

"ఒకటుందక్కా. మూడు ఆగిపోయినయి."

"ఒకటి," అంది అక్క. "సాలు. పోదాం పా."

దవాఖానలో ఆమెను లోపల బల్ల మీద పడుకోబెట్టాక, గోడ మీది తెరపై ఆ ఒక్కదాన్ని చూపించారు. లేత బూడిదరంగు గుండ్రని ఆకారం, లోపల ఒక పక్కన చిన్న ముద్ద. గింజలో సగం కూడా ఉండదని డాక్టరమ్మ చెబితే, అది ఆవగింజనో గసగసాల గింజనో నేను అడగలేకపోయాను. అక్క మాత్రం పడుకునే అడిగింది: "మేడం, లోపట పెట్టినంక అది ఏం జేస్తది?"

"తావు చూసుకుంటదమ్మా. అది చేసేది మేము చేయలేము," అంది డాక్టరమ్మ.

రెండు వారాల తరువాత రక్తపరీక్షలో గర్భం నిలబడిందని తెలిసింది. ఆ పై నెల స్కానింగుకు బావ కూడా వచ్చాడు. చీకటి గదిలో తెర మీద ఏదో మిణుకుమిణుకుమంటోంది. డాక్టరమ్మ దాన్ని చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో అంది. బావ నా మోచేయి తట్టి, "ఏమంటున్నది? జర చెప్పు," అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అక్క బల్ల మీద నుంచే చెయ్యి ఎత్తింది.

"జర ఊకోండ్రి ఇద్దరు. నన్ను జూడనీయండ్రి."